పశువుకు నాడి ఎక్కడ చూడాలి?

మీకు జ్వరం వస్తే డాక్టరు ముందు నాలుగు ప్రశ్నలు వేస్తాడు. తలనొప్పిగా ఉందా, చలి వేసిందా, నిన్న ఏం తిన్నావు అని అడుగుతాడు. మీరు చెప్పే జవాబులతోనే రోగం సగం తెలిసిపోతుంది. తరువాత మణికట్టు పట్టుకొని నాడి చూస్తాడు. మరి మీ దొడ్లో ఆవు పొద్దుటినుంచీ మేత ముట్టలేదనుకోండి. దాన్నేమడుగుతారు? పోనీ, నాడి చూద్దామంటే దాని మణికట్టేది?

ఆవుకు నాడి చూసేది తోక కింద. తోక మొదలునుంచి జానెడు దిగువన, అడుగువైపు నడిమధ్యలో ఒక రక్తనాళం పోతూ ఉంటుంది. అక్కడ రెండు వేళ్లు మెల్లగా ఆనిస్తే టక్, టక్ అని తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆవుకు నిమిషానికి సుమారు 50 నుంచి 70 సార్లు కొట్టుకుంటుంది. చెప్పుకోవడానికి ఇంత సులువే. కాని వేళ్లకు ఆ చోటు దొరకడానికి కొత్తవాళ్లకు కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపల ఆవు ఓసారి తోక విసిరి మొహంమీద కొడుతుంది కూడాను!

ఇలాంటివన్నీ నేర్పే చదువొకటుంది. పదో తరగతి తరువాత చేరే రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా అది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం తమ పాలిటెక్నిక్‌ల ద్వారా ఈ చదువు చెబుతాయి. పశువైద్య డాక్టరు కావాలంటే ఇంటర్మీడియట్ తరువాత అయిదున్నర ఏళ్లు చదవాలి. ఆ దారి వేరు. డిప్లొమావాళ్లు చేసే పని డాక్టరుకు సహాయంగా ఉండేది. 1984లో వచ్చిన భారత పశువైద్య మండలి చట్టం ఈ హద్దును గీసింది. టీకాలు వేయడం, గాయాలకు కట్టు కట్టడం, కోడెలకు విత్తులు నొక్కడం, ప్రథమ చికిత్స వంటి చిన్న సేవలు డాక్టరు పర్యవేక్షణలో వీళ్లు చేయవచ్చు. వినడానికి చిన్న సేవలే. ఎంత చిన్నవో మీరే చూడండి.

దగ్గరికి పోవడమే మొదటి పాఠం

మందులకంటే ముందు నేర్పేది పశువును సమీపించడం. ఆవు కళ్లు మన కళ్లలాగా ముందువైపు ఉండవు, తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుచేత అది మెడ తిప్పకుండానే తన చుట్టూ దాదాపు అంతా చూడగలదు. సరిగ్గా వెనక ఉన్న కొంచెం మేర మాత్రం దానికి కనిపించదు. అక్కడినుంచి చప్పుడు చేయకుండా వెళ్లి చెయ్యివేస్తే అది బెదిరి కాలు విసురుతుంది. ఆవు తన్ను తిన్నగా వెనక్కు రాదు. ముందుకు వచ్చి పక్కగా అర్ధచంద్రాకారంలో తిరుగుతుంది. ఈ రెండు సంగతులూ తెలిసినవాడు పక్కనుంచి, దానికి కనబడుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ వెళతాడు. ముందు వీపుమీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే కావలసిన చోటికి జరుపుకుంటూ పోతాడు.

పడదోయకుండా పశువును పడుకోబెట్టడం ఇంకొక విద్య. పది మీటర్ల తాడొకటి చాలు. మెడకు బిగుసుకుపోని ముడి వేసి, రొమ్ముచుట్టూ ఒక మెలిక, పొదుగుకు ముందుగా నడుముచుట్టూ ఇంకొక మెలిక వేసి, వెనక్కు తిన్నగా లాగుతారు. తాడు రెండుచోట్ల ఒత్తుకొనేసరికి అంతటి ఎద్దూ కాళ్లు ముడుచుకొని తనంతట తానే మెల్లగా కూలబడుతుంది. నలుగురు కలిసి కాళ్లు కట్టి తోసే మోటు పద్ధతిలో పశువు తుంటి విరగవచ్చు, మనిషి చెయ్యి విరగవచ్చు. ఈ పద్ధతిలో మెత్తని నేల చూసుకుంటే ఇద్దరు మనుషులు చాలు.

మన జ్వరం ఆవుకు ఆరోగ్యం

మనిషి ఒంటి వేడి 98.4 డిగ్రీల ఫారన్‌హీట్ అని మీ పాఠాల్లో ఉంది. ఆవుకు మామూలుగా 101.5 డిగ్రీలు ఉంటుంది. మేకకు ఇంకో డిగ్రీ ఎక్కువ. కోడికి 106, 107 డిగ్రీలు. అంటే మనల్ని మంచాన పడేసే వేడి ఆవుకు రోజూ ఉండేదే!

థర్మామీటరు నోట్లో పెడితే ఆవు నమిలేస్తుంది కనుక పురీషనాళంలో పెడతారు. ఇక్కడ ఒక కిటుకుంది. థర్మామీటరు కొన పేగు గోడకు తగులుతూ ఉండాలి. పేడ ముద్దలో గుచ్చుకుంటే వచ్చేది పేడ ఉష్ణోగ్రతే గాని పశువుది కాదు. అందుకని లోపలికి పెట్టాక కొంచెం పక్కకు వాల్చి పట్టుకుంటారు. ఎండలో కట్టేసిన గేదెను నీడకు తెచ్చిన వెంటనే చూసినా అంకె తప్పే. గేదె నల్లటి చర్మం ఎండను బాగా పీల్చుకుంటుంది. దానికి చెమట గ్రంథులు కూడా తక్కువ. కాసేపు ఆగాలి.

మూడో పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు. ఆవుకు ఎడమవైపు, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఒక పల్లం కనిపిస్తుంది. దాని కిందే రూమెన్ అనే పెద్దకడుపు ఉంటుంది. పెద్ద పశువులో అది వంద లీటర్లకు మించి పట్టే తొట్టి. అందులో కోట్లకు కోట్లు సూక్ష్మజీవులు గడ్డిని పులియబెడుతూ ఉంటాయి. ఆ తొట్టి ఎప్పటికప్పుడు కలియబెట్టుకుంటూ ఉండాలి. పల్లంలో పిడికిలి ఆనించి నిలబడితే ఆ కదలిక మీ చేతిని మెల్లగా బయటికి నెడుతుంది. రెండు నిమిషాలకు సుమారు మూడుసార్లు వస్తే మంచిది. అసలు రాకపోతే ఆ తొట్టి ఆగిపోయిందన్నమాట. మేత మానేసిన ఆవు జవాబు చెప్పేది ఇక్కడే.

జ్వరం లేని జ్వరం

ఈ మూడు పరీక్షలకూ ఎంత విలువుందో చూపడానికి ఒక రోగం సంగతి చెప్పుకోవాలి. బాగా పాలిచ్చే ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి తూలుతుంది. కూలబడుతుంది. మెడ వంచి తల డొక్కమీద పెట్టుకొని లేవకుండా పడి ఉంటుంది. దీనిపేరు పాల జ్వరం. పేరు విన్నవాడెవడైనా జ్వరం తగ్గే మందు కోసం పరుగెత్తుతాడు. కాని చెవులు పట్టుకు చూడండి, చల్లగా ఉంటాయి. థర్మామీటరు పెట్టండి, 100కు కిందే ఉంటుంది. జ్వరం కాదు సరిగదా, ఒళ్లు చల్లబడిపోతోంది! పేరు పెట్టినవాళ్ల చేతిలో థర్మామీటరు లేదని తెలుస్తూనే ఉంది.

ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దంలో ఈ రోగం వచ్చిన ఆవుల్లో సగానికి పైగా చచ్చిపోయేవి. 1897లో డెన్మార్కులోని కోల్డింగ్ పట్టణంలో ష్మిట్ అనే పశువైద్యుడు ఒక ఊహ చేశాడు. పొదుగులో ఏదో విషం పుట్టి ఒళ్లంతా పాకుతోందని అనుకొని, చన్నుల గుండా పొదుగులోకి పొటాషియం అయొడైడు ద్రావణం ఎక్కించాడు. ఆవులు లేచి నిలబడ్డాయి. కొన్నేళ్లకే ఇంకో విచిత్రం బయటపడింది. మందు అక్కరలేదు, శుభ్రమైన గాలిని పొదుగులోకి కొట్టినా ఆవులు లేస్తున్నాయి! సైకిలు ట్యూబులోకి గాలి కొట్టినట్టే. చావులు అమాంతంగా తగ్గిపోయాయి.

ష్మిట్ చికిత్స మంచిదే, కారణం మాత్రం ఆయన అనుకున్నది కాదు. అసలు కారణాన్ని 1925లో స్కాట్లండులో డ్రయర్, గ్రెగ్ అనే ఇద్దరు సూచించారు. జున్నుపాలలో కాల్షియం చాలా ఎక్కువ. ఈనగానే పొదుగు రక్తంలోంచి కాల్షియాన్ని తోడేస్తుంది. ఎముకల్లో కావలసినంత నిలవున్నా అది కరిగి రక్తంలోకి రావడానికి వ్యవధి పడుతుంది. ఈలోగా రక్తంలో కాల్షియం పడిపోతుంది. కండరాలు ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. కాళ్ల కండరాలు పనిచేయవు కనుక ఆవు లేవదు. పెద్దకడుపు కండరాలూ పనిచేయవు కనుక పల్లంలో పెట్టిన పిడికిలికి కదలిక తగలదు. పొదుగులోకి గాలి కొడితే ఏమవుతుంది? లోపల ఒత్తిడి పెరిగి పాలు ఊరడం ఆగుతుంది, కాల్షియం పోవడమూ ఆగుతుంది.

ఇప్పుడు డాక్టరు కాల్షియం మందును నేరుగా రక్తనాళంలోకి ఎక్కిస్తాడు. చావబోతోందనుకున్న ఆవు చాలాసార్లు గంట రెండు గంటల్లోనే లేచి దూడను నాకుతుంది. ఇంతకంటే ముచ్చటైన చికిత్స పశువైద్యంలో మరొకటి లేదనిపిస్తుంది. కాని ఆ మందు తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. గుండె కూడా కండరమే గదా! అందుకే ఇది డాక్టరు చేయవలసిన పని. మరి సహాయకుడి పనేమిటి? రోగాన్ని పోల్చుకొని వెంటనే కబురంపడం. డాక్టరు వచ్చేలోగా ఆవు పక్కకు వాలిపోకుండా రెండువైపులా గడ్డి మూటలు పెట్టి రొమ్ముమీద కూర్చోబెట్టడం. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ దాని నోట్లో ఏమీ పోయకుండా చూడడం.

ఈ చివరి మాట మన ఊళ్లలో మరీ గట్టిగా చెప్పాలి. పశువుకు బాగులేదంటే వెదురుగొట్టంతో ఏదో ఒకటి తాపడం మనకు అలవాటు. గొట్టం పెట్టి తల బాగా పైకెత్తి, నాలుక పట్టి లాగితే మందు అన్ననాళంలోకి పోయే బదులు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అప్పుడు అసలు రోగం తగ్గినా పశువు న్యుమోనియాతో చచ్చిపోతుంది. తాపవలసి వస్తే మూతి కంటికి సమానమైన ఎత్తులో ఉండాలి, అంతకంటే లేపకూడదు. నాలుక వదిలెయ్యాలి. గుక్కెడు పోసి, మింగేదాకా ఆగాలి. దగ్గు వస్తే వెంటనే తల దించెయ్యాలి. మింగలేని పశువుకు అసలు పోయనే కూడదు.

కడుపు డప్పయినప్పుడు

పెద్దకడుపులో మేత పులిసేటప్పుడు బొగ్గుపులుసు వాయువు, మీథేను పుడతాయి. ఆరోగ్యంగా ఉన్న ఆవు వాటిని త్రేన్పులతో బయటికి పంపుతుంది. తడిసిన లేత లూసర్ను, పిల్లిపెసర వంటివి ఒక్కసారిగా మేసినా, పెళ్లి భోజనాల్లో మిగిలిన అన్నం గంపెడు పెట్టినా ప్రమాదమే. అన్నంతో కడుపులో ఆమ్లం కూడా పెరిగి పోతుంది. పశువుమీద ప్రేమతో పెట్టే ఆ గంప అన్నం ఎన్ని పశువుల్ని చంపిందో! ఎడమవైపు పల్లం నిండి, పైకి ఉబ్బి, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ఉబ్బిన కడుపు ఊపిరితిత్తులను నొక్కేసి కొన్ని గంటల్లోనే, ఒక్కోసారి అంతకంటే ముందే, పశువు ఊపిరాడక చచ్చిపోవచ్చు. పట్నంనుంచి డాక్టరు వచ్చేదాకా ఆగని రోగమిది.

ఇందులో రెండు రకాలున్నాయి. గాలి గాలిగానే పైన చేరితే గొట్టం వేసి తీసేయవచ్చు. ప్రాణంమీదికి వస్తే ట్రోకారు అనే మొనదేలిన పరికరంతో ఎడమ పల్లం మధ్యలో పొడిచి, లోపలి ఊచ తీసి గొట్టం ఉంచుతారు. పొడిచే దిశ ముందుకీ కిందికీ, ఎదుటి పక్క మోచేతివైపుగా ఉండాలి. గాలిని కూడా ఒక్కసారిగా వదలరు, వేలు అడ్డం పెట్టి కొంచెం కొంచెంగా వదులుతారు. ఇది చదివి ఎవరూ చేయగల పని కాదు. ఎన్నోసార్లు దగ్గరుండి చూసి, పెద్దవాళ్ల ఎదుట చేసినవాళ్లకే ఆ చోటు చేతికి తెలుస్తుంది.

రెండో రకంలో గాలి నురగలో చిక్కుకొని ఉంటుంది. అప్పుడు ట్రోకారుతో పొడిచినా కాస్త నురగ వచ్చి గొట్టం మూసుకుపోతుంది. మరేం చేయాలి? చెరకు రసం కాచి బెల్లం వండేవాళ్లను చూశారా? పెనంలో రసం పొంగి అంచు దాటబోతే కాసిని నూనె చుక్కలు వేస్తారు. పొంగు చప్పున అణగిపోతుంది. నూనె బుడగల పొరను బలహీనపరిచి పగలగొడుతుంది. పెద్దకడుపులోని నురగకూ అదే మందు! వేరుశనగ నూనె జాగ్రత్తగా, ముందు చెప్పిన పద్ధతిలో తాపితే బుడగలు పగిలి త్రేన్పులు మొదలవుతాయి. ఏ రకం ఉబ్బరమో పోల్చుకోవడం మీదే పశువు ప్రాణం ఉందన్నమాట.

చేపు, ఎగచేపు

పాలు పితకడం కూడా ఈ చదువులో ఒక పాఠమే. మా ఇంట్లో అందరికీ వచ్చు అంటారేమో! దూడ పొదుగులో కుమ్మితే గేదె చేపుతుంది అని మీ అమ్మమ్మ అంటుంది. ఆ చేపడమేమిటి? దూడ స్పర్శ నాడుల ద్వారా మెదడుకు చేరి, పీయూష గ్రంథినుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలోకి వస్తుంది. అది పొదుగులోని చిన్న చిన్న గదులను నొక్కి పాలను చన్నుల్లోకి దింపుతుంది. దాని బలం అయిదు, ఏడు నిమిషాలకంటే ఉండదు. అందుకే ఆ లోపల పితికేయాలి. కొత్త మనిషిని చూసో, దెబ్బ తినో గేదె బెదిరితే అడ్రినలిన్ విడుదలై ఆ పనిని అడ్డుకుంటుంది. అమ్మమ్మ భాషలో గేదె ఎగచేపింది. రెండు మాటలూ హార్మోన్ల పేర్లు పుట్టకముందే మన భాషలో ఉన్నాయి.

అయితే అమ్మమ్మల కాలంనుంచీ వస్తున్న ఒక అలవాటు మాత్రం మంచిది కాదు. బొటనవేలు మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి పితుకుతారు చాలామంది. దానితో చన్ను లోపలి పొర చితికి, సూక్ష్మజీవులు చేరి పొదుగువాపు వస్తుంది. చన్నును నిండు పిడికిట్లో పట్టుకొని, పైవేలినుంచి చిటికెన వేలిదాకా వరసగా బిగించడం సరైన పద్ధతి. అలవాటు లేనివాళ్లకు మొదటి వారం ముంజేతులు నొప్పెడతాయి.

చల్లదనం, టీకా, ఒక జయం

గొంతువాపు, జబ్బవాపు, గాలికుంటు, గొర్రెలకు చిటుక రోగం – వీటన్నిటికీ టీకాలున్నాయి. సూది పొడవడం ఒక్క పూటలో వస్తుంది. కష్టమంతా టీకా మందును చల్లగా ఊరిదాకా చేర్చడంలో ఉంది. ఎక్కువ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య ఉండాలి. బలహీనపరిచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా ఎండకు వేడెక్కితే వైరస్ చచ్చిపోతుంది. సీసా చూస్తే ఏ తేడా కనిపించదు. టీకా వేశామనే అనుకుంటాం, పశువుకు రక్షణ మాత్రం ఉండదు. చల్లగా ఉండాలన్నారు గదా అని గొంతువాపు టీకాను గడ్డకట్టిస్తే అదీ పాడవుతుంది.

ఈ చల్లదనం చిక్కు చరిత్రలో ఎంత దూరం పోయిందో చూడండి. రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి ఉండేది. మన పెద్దలు ముసర అనేవారు. ప్రపంచంలో మొదటి పశువైద్య పాఠశాల 1761లో ఫ్రాన్సులోని లియాన్‌లో పుట్టడానికి ఒక కారణం ఈ రోగమే. 1880ల చివర ఇది ఆఫ్రికాలో చొరబడి, ఇతియోపియాలో పశువులను ఊడ్చేసింది. దున్నడానికి ఎద్దులు లేక ఘోరమైన కరువు వచ్చింది. కెన్యాలో పనిచేసిన వాల్టర్ ప్లోరైట్ అనే శాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతంలో మంచి టీకా తయారుచేశాడు. మన దేశంలో 1954లోనే నిర్మూలన కార్యక్రమం మొదలైంది. ఊరూరా తిరిగి కోట్ల పశువులకు సూదులు వేసినవాళ్లలో ఎక్కువమంది డాక్టర్ల వెంట పనిచేసే సహాయకులే. 1995 తరువాత ఇక్కడ ఆ రోగం కనిపించలేదు.

కాని ఇతియోపియాలోని అఫార్ ఎడారి ప్రాంతంలో రోడ్లు లేవు, కరెంటు లేదు. పశువుల కాపరులు మందలతో తిరుగుతూనే ఉంటారు. చల్లగా ఉంచవలసిన టీకా అక్కడికి పోలేదు. 1980లలో జెఫ్రీ మెరీనర్ అనే అమెరికన్ పశువైద్యుడు అదే టీకాను వేడికి తట్టుకునేటట్టు ఎండబెట్టే పద్ధతి కనిపెట్టాడు. అది 37 డిగ్రీల వేడిలో కూడా నెలరోజులు చెడదు. అయినా దాన్ని మోసుకుపోయేదెవరు? 1994నుంచి అఫార్ కాపరుల్లోనే కొందరిని ఎంపిక చేసి, కొద్ది రోజులు శిక్షణ ఇచ్చి, టీకా సీసాలు చేతికిచ్చారు. మంద ఎక్కడ ఉంటుందో, ఏ ఆవును ఎలా పట్టుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. టీకా కలపడం, కొలవడం, సూది వేయడం నేర్చుకుంటే చాలు. 1995 తరువాత ఇతియోపియాలో రిండర్‌పెస్ట్ రాలేదు. 2001లో కెన్యాలో ఆఖరిసారి కనిపించి, 2011లో ప్రపంచమంతటా అంతమైందని ప్రకటించారు. మనుషుల మశూచి తరువాత భూమిమీద లేకుండా పోయిన రెండో వైరస్ రోగమిది.

రిండర్‌పెస్ట్ వైరస్‌కు దగ్గర చుట్టం ఒకటి ఇంకా మిగిలే ఉంది. గొర్రెలకూ మేకలకూ వచ్చే పి.పి.ఆర్. అనే పారుడు రోగం. దాన్ని 2030 నాటికి తుడిచిపెట్టాలని అంతర్జాతీయ సంస్థలు 2015లో నిర్ణయించుకున్నాయి. దీని టీకా సీసాలో పొడి రూపంలో ఉంటుంది. ద్రావకం కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి, మిగిలింది పారేయవలసిందే. వంద డోసుల సీసా విప్పితే అక్కడ వంద జీవాలు ఉండాలి. అందుకని పని తెలిసిన సహాయకుడు సీసా తీసుకొని తిన్నగా మందదగ్గరికి పోడు. ముందురోజు సాయంత్రమే చేతులూపుకుంటూ వెళతాడు. రేపు పొద్దున ఏ మంద ఎటు మేతకు పోతుందో, పిల్లలతో కలిపి ఎన్ని జీవాలున్నాయో కాపరులను అడిగి రాసుకుంటాడు. తెల్లవారి జీవాలు దొడ్డి దాటకముందే ఐసు పెట్టెతో అక్కడుంటాడు.